రొట్టె దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: మేం నెల్లూరులో ఉంటాం. మా పాపకు తొమ్మిదేళ్లు. మొన్న రంజాన్‌కి తన క్లాస్‌మేట్ ఇంటికి వెళ్లొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే ప్రశ్నలు. "అమ్మా, వాళ్లింట్లో దేవుడి ఫొటో ఎందుకు లేదు? వాళ్ల పండగ పోయినేడు ఇదే తారీఖున రాలేదట, ఎందుకు? మన దేవుడూ వాళ్ల దేవుడూ ఒకరికొకరు తెలుసా?" అని. మా అత్తగారు "ముందు మన దేవుళ్ల గురించి తెలుసుకో, తర్వాత వాళ్ల సంగతి చూద్దువు" అని కసిరారు. మావారు "అన్ని మతాలూ ఒక్కటే చెబుతాయి, అంతే" అని తేల్చేశారు. పాప మొహం చిన్నబోయింది. ప్రపంచంలోని ముఖ్యమైన మతాల గురించి ఈ వయసు పిల్లలకు ఎలా చెప్పాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? అన్నీ చెబితే అయోమయంలో పడుతుందేమోనని నాకు టెన్షన్. ఆ క్లాస్‌మేట్ వాళ్లమ్మ షీర్ ఖుర్మా పోసి పంపిన స్టీలు డబ్బా కూడా ఇంకా మా వంటింటి గట్టు మీదే ఉంది. — ఒక తల్లి, నెల్లూరు

సమాధానం:

అమ్మా, మీ పాప అడిగిన మూడో ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ ప్రశ్న అడగాలంటే ఇద్దరు దేవుళ్లనీ మనసులో పక్కపక్కన కూర్చోబెట్టుకుని చూసి ఉండాలి. అయోమయంలో పడిన పిల్ల అలా అడగదు. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. మొదట్లో మతాల పాఠం వస్తే బోర్డు మీద నాలుగు గడుల పట్టిక గీసేదాన్ని: మతం, స్థాపకుడు, గ్రంథం, ప్రార్థనా స్థలం. పిల్లలు ఎక్కించుకునేవాళ్లు, పరీక్షలో రాసేవాళ్లు, మార్కులు వచ్చేవి. ఒక ఏడాది ఏడో తరగతి కుర్రాడొకడు లేచి, "టీచర్, హిందూ మతానికి స్థాపకుడి గడిలో ఏం రాయాలి?" అన్నాడు. "గీత పెట్టు" అన్నాను. వాడు కూర్చోలేదు. "మా అమ్మ పోలేరమ్మకి పొంగలి పెడుతుంది కదా, అది ఏ గ్రంథంలో ఉంది టీచర్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి ఆలోచిస్తే తెలిసింది, తప్పు వాడి ప్రశ్నలో లేదు, నా పట్టికలో ఉందని. ఒక ప్రవక్త, ఒక పుస్తకం, ఒక మందిరం ఉన్న మతాలకు ఆ గడులు సరిపోతాయి. మన దగ్గరికొచ్చేసరికి స్థాపకుడే లేడు. వేదాలు నాలుగు, ఉపనిషత్తులు ఎన్నో, పెన్న ఒడ్డున రంగనాథస్వామి ఒక పక్క, వెంకటగిరి పోలేరమ్మ జాతర ఇంకో పక్క. జైనులేమో మహావీరుణ్ని స్థాపకుడని ఒప్పుకోరు. తమకు దారి చూపిన గురువుల్లో, అంటే తీర్థంకరుల్లో, ఆయన 24వ వాడు, అంతకు ముందు 23 మంది ఉన్నారంటారు.

కాబట్టి మీ పాపకు పట్టిక వద్దు. కంటికి కనిపించే, చేతికి తగిలే వస్తువు ఒకటి పట్టుకుని మొదలుపెట్టండి. మీరు నెల్లూరులో ఉన్నారు, ఆ వస్తువు వెతుక్కోవాల్సిన పనే లేదు. రొట్టె.

మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండగకు పాపను తీసుకెళ్లండి. బారా అంటే పన్నెండు, పన్నెండు మంది అమరుల సమాధులున్న చోటు అని చెప్పండి. చెరువులో దిగి నిలబడ్డవాళ్ల చేతుల్ని చూడమనండి. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె అంటూ ఒకరు అడుగుతారు, ఒకరు ఇస్తారు. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు వచ్చి, అదే కోరికతో వచ్చినవాళ్లకి రొట్టె ఇచ్చి పోతారు. బొట్టు పెట్టుకున్నవాళ్లు, టోపీ పెట్టుకున్నవాళ్లు, మెడలో సిలువ వేసుకున్నవాళ్లు ఒకే నీళ్లలో ఉంటారు. అక్కడే ఇంకో నిజం కూడా చెప్పండి: దర్గాలకు వెళ్లడం సరికాదనే ముస్లింలు కూడా ఉన్నారని. ఒక మతంలోని వాళ్లంతా ఒకేలా అనుకోరన్న సంగతి తొమ్మిదేళ్లకే తెలిస్తే, "వాళ్లంతా ఇంతే" అనే మాట ఆ పిల్లకు అంత సులువుగా ఎక్కదు.

ఇంటికొచ్చాక అదే రొట్టెతో మిగతా చోట్లకి తీసుకెళ్లండి. చర్చికి వెళ్లే ఇల్లు మీ వీధిలో ఉండే ఉంటుంది. ఏసుక్రీస్తు సిలువ మీద చనిపోయే ముందు రాత్రి శిష్యులతో భోజనానికి కూర్చుని, రొట్టె విరిచి ఇచ్చి "ఇది నా శరీరం" అన్నాడని వాళ్ల నమ్మకం. అందుకే చర్చిలో ఇప్పటికీ రొట్టె విరుస్తారు. సీఎస్‌ఐ లాంటి ప్రొటెస్టెంట్ చర్చిల వాళ్లు ప్రభు రాత్రి భోజనం అంటారు, ఆర్‌సీఎం వాళ్లు, అంటే కేథలిక్కులు, దివ్యసత్ప్రసాదం అంటారు. పేరులోనే కాదు, అర్థంలోనూ తేడా ఉంది. ఆ రొట్టె నిజంగా క్రీస్తు శరీరమే అవుతుందని కేథలిక్కులు నమ్ముతారు. ఆయన్ని గుర్తుచేసుకోవడానికే ఆ రొట్టె అని ప్రొటెస్టెంట్లలో చాలామంది అంటారు. పాపను చర్చికి తీసుకెళితే ఆ సమయంలో వరసలోకి వెళ్లక్కర్లేదు, కూర్చున్నచోటే నిశ్శబ్దంగా ఉంటే చాలు. అది ఆ మతంలో చేరినవాళ్లు తీసుకునేది. పక్కనున్నవాళ్లు ఏమీ అనుకోరు.

ఆ రాత్రి భోజనం జరిగింది యూదుల పస్కా పండగ రోజుల్లో. ఏసు కూడా యూదుల ఇంట పుట్టినవాడే, ఈ సంగతి పిల్లలకు చాలా ఆశ్చర్యంగా ఉంటుంది. ఐగుప్తులో (ఈజిప్టులో) బానిసలుగా ఉన్న తమ పూర్వీకుల్ని మోషే విడిపించి తీసుకెళ్లాడని, బయల్దేరే తొందరలో పిండి పులిసే దాకా ఆగే వ్యవధి లేకపోయిందని యూదులు చెప్పుకుంటారు. అందుకని ఆ పండగ రోజుల్లో ఇప్పటికీ పులియని రొట్టెలే తింటారు. మీ పాపకు తప్పకుండా చెప్పాల్సిన ముచ్చట ఒకటుంది. పస్కా రాత్రి అందరూ భోజనానికి కూర్చున్నాక, ఆ ఇంట్లో అందరికంటే చిన్నపిల్ల లేచి అడగాలి: "మిగతా రాత్రులకూ ఈ రాత్రికీ తేడా ఏమిటి?" అని. ఆ ప్రశ్నకు జవాబుగానే పెద్దవాళ్లు కథంతా చెబుతారు. ప్రశ్న అడగడం అక్కడ పండగలో భాగం. యూదులు ప్రపంచం మొత్తం మీద సుమారు కోటిన్నర మంది, ఆంధ్రప్రదేశ్ జనాభాలో మూడో వంతు కూడా ఉండరు. అయినా ఇన్ని వందల ఏళ్లుగా ఆ కథ చేతులు మారుతూ వచ్చిందంటే, అడిగే పిల్లల్ని వాళ్లు కసరకపోవడమే కారణమని నా నమ్మకం. మీ అత్తగారికి ఇది నా మాటగా చెప్పకండి, పాపకు కథ చెబుతుంటే ఆవిడ పక్కనే ఉండేలా చూడండి.

ఇక సిక్కుల లంగర్, అంటే వాళ్ల గుడి గురుద్వారాలో అందరికీ పెట్టే భోజనం. గురునానక్ 1469లో పుట్టారు. గురుద్వారాలో ఎవరొచ్చినా, ఏ కులమైనా, ఏ మతమైనా, నేల మీద ఒకే వరసలో కూర్చోవాలి. రొట్టె వడ్డించేవాళ్లు వచ్చినప్పుడు రెండు చేతులూ చాచి అందుకోవాలి. నేను ఒకసారి నాందేడ్ వెళ్లాను, పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసింది అక్కడే. బాసర దగ్గర మనం స్నానం చేసే గోదావరి, అంతకు ముందు నాందేడ్ మీదుగానే వస్తుంది. లంగర్లో నా పక్కన ఒక పెద్దాయన, ఖరీదైన వాచీ పెట్టుకుని, కొంగులాగా రెండు అరచేతులూ చాచి రొట్టె అందుకున్నాడు. చేతిలో పడ్డాక నుదుటికి ఆనించుకుని తిన్నాడు. తిన్నాక తన పళ్లెం తనే తీసుకెళ్లి, వెనకాల అంట్లు తోమేవాళ్లతో కూర్చున్నాడు. సిక్కు మతం అంటే ఇవాళ్టికీ నాకు ఆ చేతులే గుర్తొస్తాయి.

బౌద్ధుల దగ్గరికి వస్తే రొట్టె బదులు భిక్షాపాత్ర చూపించండి. శ్రీలంక, థాయ్‌లాండ్ లాంటి చోట్ల భిక్షువులు ఉదయం పాత్ర పట్టుకుని నడుస్తారు, జనం అందులో వేసిందే తింటారు, మధ్యాహ్నం దాటితే భోజనం చేయరు. నిష్ఠగా ఉండే జైనులు పొద్దుగూకాక తినరు, ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప ముట్టరు. దుంప పీకితే దాన్ని అంటుకుని ఉన్న ఎన్నో ప్రాణాలు పోతాయని వాళ్ల భయం. బంగాళాదుంప లేకుండా బతికేవాళ్లు ఉన్నారంటే పాప నమ్మదు, చూడండి.

ఇప్పుడు ఫొటో ప్రశ్న. దేవుడు ఒక్కడే, ఆయన ఎవరికీ పుట్టలేదు, ఆయనకెవరూ పుట్టలేదు, ఆయనలాంటివాళ్లు ఎవరూ లేరు. ఖురాన్‌లో 112వ అధ్యాయం ఇంతే, నాలుగు చిన్న వాక్యాలు. అలాంటివాడి బొమ్మ గీస్తే అది ఆయన కాదు, ఇంకేదో అవుతుందని ముస్లింలు నమ్ముతారు. అందుకే మసీదు గోడల మీద అందమైన అక్షరాలు, తీగలు, చుక్కల ముగ్గులాంటి డిజైన్లు ఉంటాయి, బొమ్మ ఉండదు. నమాజు చేసేటప్పుడు చూసేది మక్కాలోని కాబా వైపు. ఫోన్లో దిక్సూచి తెరిచి చూపించండి, నెల్లూరు నుంచి పడమర, కాస్త ఉత్తరానికి.

ఇక్కడితో ఆపితే "వాళ్లకి బొమ్మ లేదు, మనకుంది" అని పిల్ల రెండు గట్లు కట్టుకుంటుంది. ఇంకొక్క అడుగు వేయండి. మీకు చెన్నై దగ్గరే. ఎగ్మోర్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయి, తెరిచి ఉందో లేదో కనుక్కుని తీసుకెళ్లండి. రెండు వేల ఏళ్ల కిందట కృష్ణ ఒడ్డున చెక్కిన పాత రాళ్లలో బుద్ధుడు ఉండాల్సిన చోట ఒక ఖాళీ సింహాసనం ఉంటుంది. లేదా రెండు పాదముద్రలు, ఒక బోధివృక్షం, ఒక చక్రం. చుట్టూ జనం ఆ ఖాళీకే దండం పెడుతుంటారు. తర్వాతి కాలం రాళ్లలో బుద్ధుడు మనిషి రూపంలో కనిపిస్తాడు. హుస్సేన్ సాగర్లో 1992లో నిలబెట్టిన అంత పెద్ద విగ్రహం చూసిన పిల్లకి, ఆయన్ని ఒకప్పుడు మనవాళ్లే బొమ్మ లేకుండా చెక్కారంటే బొమ్మ పెట్టుకోవడం, పెట్టుకోకపోవడం రెండూ ఆలోచించి చేసిన పనులేనని అర్థమవుతుంది. గురుద్వారాలో కూడా విగ్రహం ఉండదు. చాందినీ కింద గురుగ్రంథ్ సాహిబ్ ఉంటుంది, దానికి వింజామర వీస్తారు, రాత్రి పక్క మీద పడుకోబెడతారు. ఆ గ్రంథంలో గురువుల పాటలతో పాటు కబీర్, రవిదాస్, నామ్‌దేవ్, షేక్ ఫరీద్ పాటలూ ఉన్నాయి.

రెండో ప్రశ్న మీరు కేలండర్ ముందు పెట్టుకుని చెప్పాలి. చందమామను చూసి లెక్కపెట్టే పన్నెండు నెలలు కలిపితే సుమారు 354 రోజులే వస్తాయి. సూర్యుడి ఏడాదికి 11 రోజులు తక్కువ. మనం ఆ తేడా సర్దడానికి రెండున్నర, మూడేళ్లకోసారి అధిక మాసం కలుపుకుంటాం, అందుకే ఉగాది ఎప్పుడూ ఎండాకాలం మొదట్లోనే వస్తుంది. ముస్లింలు అలా కలపరు. దాంతో రంజాన్ ఏటా 11 రోజులు ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్లలో అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. రొట్టెల పండగ తేదీ ఏటా మారేది కూడా ఇందుకే. ఒకే చందమామ, లెక్క వేరు. అధిక మాసం సంగతి మీ అత్తగారికి మీకంటే, నాకంటే బాగా తెలిసి ఉంటుంది. ఈ పాఠం ఆవిడతోనే చెప్పించండి.

ఆవిడ అన్నదాంట్లో సగం న్యాయం ఉందమ్మా. మనింట్లో దీపం ఎందుకు పెడతాం, నైవేద్యం పెట్టాకే ఎందుకు తింటాం, ఫలానా రోజు ఉపవాసం ఎందుకు, ఇవి తెలియని పిల్లకు ఎదుటివాళ్ల రోజా, అంటే రంజాన్ ఉపవాసం, ఏం అర్థమవుతుంది? కాకపోతే "ముందు మనది, తర్వాత వాళ్లది" అంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు. రెండూ కలిపే నడవాలి. స్నేహితురాలి ఇంట్లో నమాజుకు ముందు చేతులు, మొహం, కాళ్లు కడుక్కోవడం చూసి ఉంటే, గుడికి వెళ్లేముందు మనం కాళ్లు ఎందుకు కడుక్కుంటామో నానమ్మను అడగమనండి.

మీవారి మాట దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. "అన్ని మతాలూ ఒక్కటే" అనే మాట మంచి మనసుతోనే అంటారు, నేనూ క్లాసులో చాలాసార్లు అన్నాను. కానీ అది విన్న పిల్ల ఇంకో ప్రశ్న అడగదు. అన్నీ ఒకటే అయితే తెలుసుకోవడానికి ఏముంది? పైగా నిజం కూడా కాదు. సృష్టి చేసిన దేవుడు ఒకడున్నాడని ముస్లింలు, క్రైస్తవులు, యూదులు అంటారు. అలాంటివాడు లేడని జైనులు అంటారు. మళ్లీ మళ్లీ పుడతామని మనం అంటాం, ఒకటే జన్మ, ఆ తర్వాత తీర్పు అని ముస్లింలు, క్రైస్తవులు అంటారు. అసలు దేవుడే లేడనేవాళ్లూ మన తెలుగువాళ్లలో ఉన్నారు. గోరా గారు 1940లో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం విజయవాడలో ఇప్పటికీ ఉంది. ఇవి పెద్ద తేడాలు. తేడా ఉన్నా పక్కింట్లో ఉండొచ్చు, ఒకే బెంచీలో కూర్చోవచ్చు, ఒకరి పండక్కి ఒకరు వెళ్లొచ్చు. పిల్లకు నేర్పాల్సింది ఇదని నేను గట్టిగా అనుకుంటున్నాను.

అది నేర్పడానికి నా దగ్గర ఒకే ఒక్క పనిముట్టు ఉంది, "నమ్ముతారు" అనే మాట. "ఏసు మూడో రోజు లేచాడు" అనకండి, "లేచాడట" అని సాగదీయకండి. "లేచాడని క్రైస్తవులు నమ్ముతారు" అనండి. మన గురించి చెప్పేటప్పుడు కూడా "మనం ఇలా నమ్ముతాం" అనే అనండి. ఆ "అట"లో ఉండే చిన్న వెటకారం పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

ఏది నిజం అని అడుగుతుంది, తప్పదు. మీరు నమ్మేది మీరు చెప్పండి, దాచక్కర్లేదు. "నేను ఇది నమ్ముతాను, నీ స్నేహితురాలి అమ్మ అది నమ్ముతుంది, నువ్వు పెద్దయ్యాక ఆలోచించుకుంటావు" అంటే చాలు. టీవీలో గొడవలు చూసి "ఎందుకు కొట్టుకుంటున్నారు?" అని అడిగితే "మనకెందుకు" అనకండి. భూమి కోసం, అధికారం కోసం, భయంతో మనుషులు కొట్టుకుంటారని, అందులోకి కొన్నిసార్లు దేవుడి పేరు లాగుతారని చెప్పండి. తొమ్మిదేళ్లకు అంత అర్థమవుతుంది.

ఇక ఆ దేవుళ్లు ఒకరికొకరు తెలుసా? యూదులు, క్రైస్తవులు, ముస్లింలు ముగ్గురూ అబ్రాహామును తమ పూర్వీకుడిగానే చెప్పుకుంటారు, ముస్లింలు ఇబ్రాహీం అంటారు. ఖురాన్‌లో ఏసు తల్లి మరియమ్మ పేరుతో ఒక అధ్యాయమే ఉంది. అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు కూడా దేవుణ్ని అల్లా అనే పిలుస్తారు. మరి మన దేవుడి సంగతి అంటుంది కదా, దేవుని కడప తీసుకెళ్లండి. ఉగాది నాడు ముస్లింలు ఆ వేంకటేశ్వరస్వామి గుడికి వస్తారు. బీబీ నాంచారమ్మ స్వామికి భార్య అని, తమ ఇంటి ఆడపడుచని వాళ్ల నమ్మకం. ఆ వరసన స్వామి వాళ్లకి అల్లుడు. పాప ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

చైనా, జపాన్ మతాలు, పార్సీలు, బహాయీలు ఇప్పుడే అక్కర్లేదు. అడిగినప్పుడు చూడొచ్చు.

చివరగా ఆ డబ్బా. కడిగి ఖాళీగా ఇవ్వడం మన ఇళ్లల్లో అలవాటు లేదు కదా. అందులో ఏం పెట్టాలో మీ అత్తగారినే అడగండి. సున్నుండలో, జంతికలో ఆవిడ చేతి మీదుగా చేయించండి. ఒక్క జాగ్రత్త, నైవేద్యం పెట్టినవి కాకుండా చూడండి. వేరే దేవుడికి పెట్టింది తినకూడదని చాలామంది ముస్లింలు, కొందరు క్రైస్తవులు నమ్ముతారు. అది మనల్ని తక్కువ చేయడం కాదని, మనింట్లో నైవేద్యం పెట్టకముందు తినకపోవడం లాంటి నియమమేనని పాపకు ముందే చెప్పండి. డబ్బా మీ చేత్తో కాకుండా పాప చేత్తో ఇప్పించండి. ఆ ఫొటో ప్రశ్న కూడా ఆ ఇంటి అమ్మనే అడగమనండి.